గడ్డి పరకల మీద జరిగిన క్రీస్తు జయంతి

ఆగమన కాలం ముగింపుకు వస్తోంది. మీ ఇళ్ళలో పండుగ పనులు అప్పుడే మొదలై ఉంటాయి. గోడలకు సున్నం, పిల్లలకు కొత్త బట్టలు, పొయ్యి మీద పిండివంటలు, గుమ్మానికి నక్షత్రం, వసారాలో పశువుల పాక. ఈ పాక సంగతి ఒక్కసారి ఆలోచించండి. థర్మోకోల్ పలకలు కోసి, మెరుపు కాగితాలు అంటించి, సీరియల్ లైట్లు చుట్టి మనం దాన్ని ముచ్చటగా నిలబెడతాము. పండుగ వెళ్ళిన వారానికి అందులో సగం చెత్తకుప్ప చేరుతుంది. థర్మోకోల్ మట్టిలో కలిసిపోదు. కాలిస్తే విషపు పొగ వస్తుంది. ప్రభువు పుట్టింది పశువుల తొట్టిలో, పవళించింది గడ్డి మీద. ఆ గడ్డికి బదులు మట్టిలో కలవని వస్తువు మన పాకలోకి ఎలా వచ్చిందో మనం అడగము.

ఈ పాక ఆచారం లోకమంతా పాకడానికి ముఖ్య కారకులు ఒక పునీతుడు. ఆయన అస్సీసిపుర పునీత ఫ్రాన్సిస్ వారు. పక్షులకు ప్రసంగించినవారుగా, పంచగాయాలు పొందినవారుగా ఆయనను మనమందరం ఎరుగుదుము. కాని పండుగ ఎలా చేసుకోవాలో, కానుక ఎలా ఇవ్వాలో కూడా ఆయన జీవితం నేర్పుతుంది. ఈ వారం ఆ దృష్టితో ఆయన చరిత్రను మీ ముందు ఉంచుతున్నాను.

బట్టల వర్తకుని బిడ్డ

ఇటలీ దేశం నడిమి భాగంలో ఉంబ్రియా అనే కొండసీమ ఉంది. అక్కడి అస్సీసి పట్టణంలో 1181వ సంవత్సరం చివరనో, 1182 మొదట్లోనో ఫ్రాన్సిస్ వారు జన్మించారు. తండ్రి పియెత్రో బెర్నార్దోనె బట్టల వర్తకుడు. ఫ్రాన్సు దేశం వెళ్ళి సరుకు తెచ్చి అమ్మేవాడు. తండ్రి ఊళ్ళో లేనప్పుడు బిడ్డ పుట్టగా తల్లి యోహాను అని పేరు పెట్టుకున్నది. తిరిగి వచ్చిన తండ్రి ఆ పేరు మార్చి ఫ్రాంచెస్కో అని పిలిచాడు.

ఇంట్లో డబ్బుకు లోటు లేదు. కుర్రవాని చేతికి ఎముక లేదు. పట్టణంలోని యువకులందరినీ వెంటేసుకొని విందులు, పాటలు, రాత్రి పొద్దుపోయేదాకా వీధుల వెంట కేరింతలు. ఖరీదైన బట్ట మీద ఆయనకు ఎంత మోజంటే, ఒకే అంగీలో అన్నిటికంటే విలువైన గుడ్డను, అన్నిటికంటే చవక గుడ్డను కలిపి కుట్టించుకొని వింతగా తిరిగేవారట. కనుక పండుగ అంటే ఖర్చు, వేషం, నలుగురిలో గొప్ప అనుకునే మన మనస్సు ఆయనకు తెలియనిది కాదు. ఆ సరదాలన్నీ ఆయన చూసినవే, చేసినవే.

1202లో అస్సీసికి, పొరుగునున్న పెరూజాకు యుద్ధం జరిగింది. ఆ యుద్ధంలో పట్టుబడి దాదాపు ఏడాది చెరసాలలో గడిపారు. బయటికి వచ్చాక పెద్ద జబ్బు చేసింది. మనస్సు మారసాగింది. ఒకనాడు దారిలో ఎదురైన కుష్ఠరోగిని చూసి, మునుపటివలె ముక్కు మూసుకొని తొలగిపోకుండా, గుర్రం దిగి అతని చేతిలో డబ్బు పెట్టి ఆ చేతిని ముద్దుపెట్టుకున్నారు. తరువాత పట్టణం వెలుపల పాడుబడిన సాన్ దమియానో గుడిలో సిలువ ముందు ప్రార్థిస్తుండగా, కూలిపోతున్న తన ఇంటిని బాగుచేయమని ప్రభువు తనను కోరినట్లు విన్నారు.

ఆ తరువాత జరిగింది శ్రద్ధగా గమనించండి. ఆయన వెంటనే ఇంటికి పరుగెత్తి, తండ్రి కొట్టులోని మంచి బట్టల మూటలు గుర్రం మీద వేసుకొని ఫోలిన్యో అనే ఊరికి పోయి అమ్మేశారు. గుర్రాన్ని కూడా అమ్మేశారు. ఆ సొమ్మంతా తెచ్చి గుడి గురువు చేతిలో పెట్టబోయారు. ఆ గురువు తండ్రికి భయపడి తీసుకోలేదు. ఫ్రాన్సిస్ వారు ఆ డబ్బును గుడి కిటికీలో విసిరేశారు. దేవునికి ఆయన ఇవ్వబోయిన ఆ కానుక అలా కిటికీలో పడి ఉన్నది. అది మరొకరి సొమ్ము, మరొకరి కష్టం.

తండ్రి ఆగ్రహించి తగవును పీఠాధిపతి గ్విదో వారి ముందుకు తెచ్చాడు. 1206లో అందరూ చూస్తుండగా ఫ్రాన్సిస్ వారు డబ్బుతోపాటు ఒంటిమీది బట్టలు కూడా విప్పి తండ్రి కాళ్ళ దగ్గర పెట్టారు. పీఠాధిపతి తమ పైవస్త్రంతో ఆయనను కప్పారు. బట్టల వర్తకుని బిడ్డకు ఒంటిమీద నూలుపోగు లేదు. అప్పుడు మొదలైంది ఆయన నిజమైన కానుక. వీధి వీధి తిరిగి రాళ్ళు అడుక్కొని, భుజాన మోసుకొచ్చి, తన చేతులతో సాన్ దమియానో గోడలు కట్టారు. కొట్టులోని సరుకు అమ్మి తెచ్చిన డబ్బు తోసివేయబడింది. చెమటోడ్చి మోసిన రాళ్ళు గుడిగా నిలిచాయి. కానుకల విషయంలో ఆయన నేర్చుకున్న తొలిపాఠం ఇదేనని నేను అనుకుంటాను.

చేతులకు పని, చెట్టుకు మిగులు

కొద్ది కాలంలో ఆయన చుట్టూ సహోదరులు చేరారు. 1209 ప్రాంతంలో రోమాపురికి వెళ్ళి మూడవ ఇన్నోసెంట్ జగద్గురువుల నోటిమాట అనుమతి పొందారు. సహోదరులు సొంత చేతులతో పనిచేయాలని, పని తెలియనివారు నేర్చుకోవాలని ఆయన కోరారు. కూలిగా డబ్బు తీసుకోకూడదు, ఆ పూటకు కావలసిన తిండి మొదలైనవి పుచ్చుకోవచ్చు. అది దొరకనినాడు ఇంటింటికీ వెళ్ళి భిక్ష అడగాలి. అవసాన దశలో రాయించిన మరణశాసనంలో కూడా తాను చేతులతో పనిచేసిన సంగతి గుర్తుచేసి, అందరూ అలాగే చేయాలని చెప్పారు.

ఆ చేతులు సృష్టిని ఎలా తాకాలో కూడా ఆయన నేర్పారు. కట్టెలు కొట్టే సహోదరునితో చెట్టును మొదలంటా నరకవద్దని, మళ్ళీ చిగురు వేసే ఆశ దానికి మిగల్చమని చెప్పేవారు. తోటపని చూసే సహోదరునితో నేలంతా కూరలకే దున్నవద్దని, గట్ల వెంట కొంత చోటు గడ్డికీ పువ్వులకూ వదలమని చెప్పేవారు. దారిలో పురుగు కనబడితే ఎవరూ తొక్కకుండా తీసి పక్కన పెట్టేవారు. చలికాలంలో తేనెటీగలు చావకుండా తేనెను, మంచి ద్రాక్షరసాన్ని పెట్టించేవారు. ఇవన్నీ వినడానికి చిన్న సంగతులు. కాని వీటి వెనుక ఒక గట్టి నమ్మకం ఉంది. ఈ సృష్టి అంతా తండ్రి మనకిచ్చిన కానుక. ఒకరిచ్చిన కానుకను పాడుచేసి, దానితో మరొకరికి కానుక చేయబోతే ఇచ్చినవారిని అవమానించినట్లే.

గ్రెచ్చో కొండమీద

1223వ సంవత్సరానికి ఫ్రాన్సిస్ వారికి నలభై దాటింది. ఆరోగ్యం బాగా చెడింది. 1219లో ఈజిప్టు వెళ్ళి సుల్తాను అల్ కామిల్‌ను కలిసి వచ్చినప్పటినుంచి కంటిజబ్బు పట్టుకున్నది. సహోదరులు వేలల్లో పెరిగారు, వారితోపాటు తగాదాలూ పెరిగాయి. ఆ యేడు నవంబరు 29న మూడవ హొనోరియుస్ జగద్గురువులు సహోదరుల నియమావళిని ముద్రవేసి ఆమోదించారు. ఆ బరువు దిగిన కొద్ది రోజులకే ఆయన మనస్సు బేత్లెహేము మీదికి పోయింది.

రోముకు ఉత్తరాన రియేతి లోయలో గ్రెచ్చో అనే చిన్న ఊరు ఉంది. అక్కడ జొవాన్ని అనే పెద్దమనిషి ఫ్రాన్సిస్ వారికి ఎంతో ఇష్టుడు. క్రీస్తు జయంతికి సుమారు పదిహేను రోజుల ముందు ఫ్రాన్సిస్ వారు ఆయనను పిలిపించారు. బేత్లెహేములో పుట్టిన పసిబిడ్డకు కావలసినవి ఏవీ లేక ఎంత ఇబ్బంది పడ్డాడో, తొట్టిలో గడ్డి మీద ఎలా పడుకున్నాడో, ఎద్దు, గాడిద పక్కన ఎలా నిలబడ్డాయో తన కళ్ళతో చూడాలని ఉందని చెప్పి, ఏర్పాట్లు చేయమన్నారు. ఇది కొత్త ఆచారం కాబట్టి ఎవరూ తప్పుపట్టకుండా జగద్గురువుల అనుమతి కూడా తీసుకున్నారని పునీత బొనవెంతూర వారు రాశారు.

జొవాన్ని తెచ్చినవి ఏమిటి? ఒక తొట్టి, కొంత గడ్డి, ఒక ఎద్దు, ఒక గాడిద. మరియమాత వేషం, యోసేపు వేషం వేసినవారున్నట్లు ఆ తొలి చరిత్రలో కనబడదు. మైనపు బొమ్మ, మట్టి బొమ్మ కూడా చెప్పబడలేదు. అన్నీ ఆ ఊళ్ళో ఉన్నవే, పండుగ కాగానే ఎవరి దొడ్డికి వారు తోలుకుపోయేవే. ఆ రాత్రి చుట్టుపక్కల ఆశ్రమాల నుంచి సహోదరులు వచ్చారు. ఊరివాళ్ళు, ఆడవాళ్ళు, మగవాళ్ళు ఎవరికి చేతనైనట్లు కొవ్వొత్తులు, కాగడాలు సిద్ధం చేసుకొని కొండ ఎక్కారు. అడవి అంతా వెలుగుతో, పాటతో నిండింది.

తొట్టి మీదనే దివ్యబలిపూజ జరిగింది. ఫ్రాన్సిస్ వారు గురువు కారు, డీకను. డీకను వస్త్రాలు ధరించి సువిశేషాన్ని పాడి, ప్రసంగం చేశారు. బేత్లెహేము అనే మాట పలికినప్పుడల్లా గొర్రెపిల్ల అరిచినంత మెత్తగా పలికారని, యేసు నామం చెప్పినప్పుడు ఆ తీపిని చప్పరించినట్లు పెదవులు తడుపుకున్నారని ఆయన మొదటి చరిత్రకారుడైన చెలానో ఊరి తోమాసు రాశారు. అక్కడున్న ఒక భక్తునికి తొట్టిలో కదలిక లేని పసిబిడ్డ కనిపించాడట. ఫ్రాన్సిస్ వారు దగ్గరికి రాగా ఆ బిడ్డ నిద్ర లేచాడట. ప్రజల గుండెల్లో మరుపున పడి ఉన్న ప్రభువు ఆ రాత్రి మేల్కొన్నాడని ఆ దర్శనానికి తోమాసు చెప్పిన అర్థం.

ఆ గడ్డి ఏమైందో కూడా తోమాసు రాశారు. దాన్ని జాగ్రత్తగా దాచి, జబ్బుపడిన పశువులకు తినిపిస్తే నయమయ్యాయని, కష్ట ప్రసవంలో ఉన్న తల్లులకు మేలు జరిగిందని చెప్పారు. పండుగ అలంకారం పండుగ తరువాత కూడా ఎవరో ఒకరికి ఉపయోగపడింది. మన పాకల సంగతి ఏమిటి?

పండుగ బల్ల

నిరాడంబరం అనగానే కొందరికి ఉపవాసపు మొహం గుర్తుకు వస్తుంది. ఫ్రాన్సిస్ వారికి అది సరిపడదు. అన్ని పండుగలకంటే క్రీస్తు జయంతి ఆయనకు ప్రీతి. ఒకసారి ఆ పండుగ శుక్రవారం పడింది. మాంసం తినవచ్చునా అని సహోదరుల మధ్య చర్చ వచ్చింది. బాలయేసు పుట్టిన రోజును శుక్రవారం అని లెక్కపెట్టడమే తప్పని, ఆనాడు గోడలు కూడా మాంసం తినాలని, తినలేకపోతే వాటికి పైపూతగానైనా పూయాలని ఆయన అన్నారు. జీవితమంతా ఉపవాసాలు చేసిన మనిషి మాట ఇది!

ఆయన కోరికలలో మరొకటి ఉంది. తాను చక్రవర్తిని చూడగలిగితే ఒక ఆజ్ఞ వేయించాలనుకునేవారు. క్రీస్తు జయంతినాడు శక్తి ఉన్నవారందరూ ఊరి బయట దారుల వెంట గింజలు చల్లాలి, పక్షులకు, ముఖ్యంగా తనకు ఎంతో ఇష్టమైన భరతపక్షులకు ఆ రోజు కడుపు నిండాలి. దొడ్డిలోని ఎద్దులకు, గాడిదలకు మామూలుకంటే ఎక్కువ మేత వేయాలి. ధనవంతులు పేదలను బల్ల దగ్గర కూర్చోబెట్టి తృప్తిగా పెట్టాలి. ఎవరెవరు ఈ జాబితాలో ఉన్నారో చూడండి. పేదవాడు, పశువు, పిట్ట. ఈ ముగ్గురూ మిగిలిపోతే అది ఆయన దృష్టిలో పండుగ కాదు.

దీనికి మరో వైపు కూడా ఉంది. గ్రెచ్చో ఆశ్రమంలోనే ఒకసారి పండుగనాడు సహోదరులు బల్ల ఎత్తుగా వేసి, తెల్లని దుప్పట్లు పరిచి, గాజు పాత్రలు అమర్చారు. అది పాస్కు పండుగ అని ఒక గ్రంథం, క్రీస్తు జయంతి అని మరొక గ్రంథం చెబుతున్నాయి. ఫ్రాన్సిస్ వారు అది చూసి మెల్లగా బయటికి పోయి, అక్కడికి వచ్చిన ఒక బిచ్చగాని టోపీ, కర్ర తీసుకొని తలుపు దగ్గర నిలబడి, దేవుని ప్రేమ కోసం ఈ జబ్బు బాటసారికి భిక్ష పెట్టమని కేక వేశారు. లోపలికి రమ్మన్నారు. ఆయన వచ్చి, బల్ల దగ్గరకు పోకుండా పొయ్యి పక్కన నేలమీద కూర్చొని, ఇచ్చినది తినసాగారు. బల్లకున్న సింగారం చూస్తే ఇంటింటా అడుక్కునే పేదల బల్లలా లేదని మాత్రం అన్నారు. సహోదరులు సిగ్గుపడ్డారు, కొందరు ఏడ్చారు.

మరొక క్రీస్తు జయంతినాడు భోజనాల వేళ ఒక సహోదరుడు ఆ దినాన మరియమాత పడిన పేదరికం గురించి మాట్లాడాడు. ఫ్రాన్సిస్ వారు బల్ల దగ్గర నుంచి లేచి, కన్నీళ్ళతో కటిక నేలమీద కూర్చొని మిగిలిన రొట్టె తిన్నారు.

గోడలకు కూడా విందు కావాలన్న మనిషి, తెల్లదుప్పటి చూసి ఎందుకు బాధపడ్డారు? ఇది పరస్పర విరుద్ధంగా కనిపిస్తుంది, కాని కాదు. గోడకు కూడా పెట్టాలనే విందు అందరినీ లోపలికి పిలుస్తుంది. ఎత్తైన బల్ల పేదవాణ్ణి గుమ్మం దగ్గరే ఆపుతుంది. తిండి ఎంత పెట్టామన్నది ఆయన లెక్క కాదు. మనం చేసే పండుగను చూసి పేదవాడు లోపలికి రాగలడా, వెనక్కి తగ్గుతాడా అన్నదే ఆయన లెక్క. నిరాడంబరత అంటే పిసినారితనం కాదు, ఎదుటివాడు సిగ్గుపడకుండా చూసుకునే ప్రేమ.

ఇచ్చిన కానుకలు, పుచ్చుకున్న కానుకలు

ఫ్రాన్సిస్ వారి దగ్గర డబ్బు లేదు. అయినా ఆయన ఇచ్చినన్ని కానుకలు ఇచ్చినవారు అరుదు. ఇద్దరు సహోదరుల తల్లి, వయసు మళ్ళిన బీదరాలు, ఒకసారి సాయం కోరి వచ్చింది. ఇవ్వడానికి ఆశ్రమంలో ఏమీ లేదు. వేకువ ప్రార్థనలో చదువుకునే నూతన నిబంధన గ్రంథం ఒక్కటే ఉంది. దాన్ని ఇచ్చేసి అమ్ముకొమ్మని చెప్పించారు. దాన్ని చదవడంకంటే దానిలో చెప్పినది చేయడం దేవునికి ఇష్టమని ఆయన భావం.

1224 శరత్కాలంలో లా వెర్నా కొండమీద ఆయన పంచగాయాలు పొందారు. అప్పుడు వెంట ఉన్న లియో అనే సహోదరుడు లోలోపల ఏదో శోధనతో కుమిలిపోతున్నాడు. గురువుగారి చేతి రాత ఒక్కటి ఉంటే బాగుండునని అతని ఆశ, అడగడానికి బిడియం. అది గ్రహించిన ఫ్రాన్సిస్ వారు అరచేతిలో ఇమిడే చిన్న తోలుముక్క తీసుకొని, ఒకవైపు దేవుని స్తుతులు, మరొకవైపు లియో పేరుతో దీవెన తమ చేతితో రాసి ఇచ్చారు. లియో దాన్ని మడిచి జీవితాంతం తన దగ్గర దాచుకున్నాడు. ఆ మడతలతో సహా అది నేటికీ అస్సీసి మహాదేవాలయంలో భద్రంగా ఉంది. ఆ కాలపు పట్టుబట్టలు, వెండి గిన్నెలు ఎన్ని మట్టిలో కలిసిపోయాయో! ఈ చిన్న తోలుముక్క ఎనిమిది వందల యేళ్ళుగా నిలిచింది.

పునీత క్లారమ్మ గారు మంచం పట్టిన రోజుల్లో కూడా వెనుక ఆనుడు పెట్టించుకొని కూర్చొని సన్నని నూలు వడికేవారు. ఆ నూలుతో బలిపీఠపు వస్త్రాలు చేయించి అస్సీసి చుట్టుపక్కల పేద గుడులకు పంచేవారు. అలా యాభై జతలకు పైగా తయారైనట్లు ఆమెతో ఉన్న కన్యలు ఆ తరువాత సాక్ష్యం ఇచ్చారు. లేవలేని మనిషి మంచం మీద నుంచే ఊళ్ళకు కానుక పంపగలిగింది.

పుచ్చుకోవడంలో కూడా ఫ్రాన్సిస్ వారికి బిగువు లేదు. రోములో జాకోపా అనే గొప్పింటి వితంతువు ఆయనకు ఆత్మీయురాలు. ఆమె చేతితో బాదంపప్పు, తేనె కలిపి చేసిపెట్టే ఒక మిఠాయి అంటే ఆయనకు ఇష్టం. 1226లో మరణం దగ్గర పడినప్పుడు, తన దేహానికి చుట్టడానికి బూడిదరంగు ముతక గుడ్డ, కొవ్వొత్తులు, వాటితోపాటు ఆ మిఠాయి తెమ్మని ఆమెకు ఉత్తరం రాయించారు. ఉత్తరం బయలుదేరక ముందే ఆమె అవన్నీ పట్టుకొని వాకిట్లో దిగింది. ఆయన రవంత మాత్రమే రుచి చూడగలిగారు. పేదరికాన్ని పెళ్ళాడిన పునీతుడు చావుపడక మీద కోరిన మిఠాయి కొట్టులోది కాదు, తెలిసిన చేతి వంట. దాన్ని అడగడానికి ఆయన సిగ్గుపడలేదు.

కాలిపోయిన గిన్నె

ఇంతవరకు చదివి, చేత్తో చేసినదంతా పుణ్యమే అనుకోకండి. ఒక తపఃకాలంలో ఫ్రాన్సిస్ వారు తీరిక వేళల్లో ఒక చిన్న గిన్నె తయారు చేసుకున్నారు. ఒకనాడు ఉదయపు ప్రార్థన చెబుతుండగా ఆయన చూపు ఆ గిన్నె మీదికి, మనస్సు దాని పనితనం మీదికి పోయింది. ప్రార్థన ముగించి సహోదరులకు ఆ సంగతి చెప్పి, ఆ గిన్నెను తీసి పొయ్యిలో వేశారు.

ఇది మనకు అవసరమైన హెచ్చరిక. బజారు వస్తువు చూపించి గొప్పపడినట్లే, ఇంటి వస్తువు చూపించి కూడా గొప్పపడవచ్చు. నా పాకలో ప్లాస్టిక్ లేదు, పక్కింటివాళ్ళ పాకలో ఉంది అని లెక్కపెట్టేవాని మనస్సు కూడా ఆ గిన్నె దగ్గరే ఆగిపోయింది. చేతిపనికి విలువ చేతివల్ల రాదు, ఎవరిని తలచుకొని చేశామో వారి మీది ప్రేమవల్ల వస్తుంది.

1226 అక్టోబరు 3 సాయంత్రం పోర్సియుంకులా అనే చిన్న గుడి చెంత ఫ్రాన్సిస్ వారు మరణించారు. ఒంటిమీది బట్ట తీసివేసి నేలమీద పడుకోబెట్టమని ఆయనే కోరారు. పీఠాధిపతి ముందు వదిలిన బట్టను మరణం ముందు మళ్ళీ వదిలారు. 1228 జూలై 16న తొమ్మిదవ గ్రెగోరి జగద్గురువులు ఆయనను పునీతుల జాబితాలో చేర్చారు. 1979 నవంబరులో రెండవ జాన్ పౌల్ జగద్గురువులు ఆయనను పర్యావరణ పరిరక్షకులకు పాలక పునీతునిగా ప్రకటించారు. 2019 డిసెంబరు 1న ఫ్రాన్సిస్ జగద్గురువులు గ్రెచ్చోకు వెళ్ళి, పశువుల పాక ఆచారాన్ని ఇళ్ళలో నిలుపుకొమ్మని కోరుతూ అక్కడే ఒక లేఖ మీద సంతకం చేశారు.

మన ఇళ్ళలో

ప్రియ పాఠకులారా, ఇక మన సంగతికి వద్దాము. పండుగకు అప్పు చేసి, ఆ అప్పును పాస్కు పండుగ దాకా తీర్చుకునే కుటుంబాలు మన విచారణల్లో ఉన్నాయి. పిల్లలకు కొత్త బట్టలు లేవని అర్ధరాత్రి పూజకు రాకుండా దీపం ఆర్పి పడుకున్న తల్లిదండ్రులు ఉన్నారు. గొల్లలకు తెరిచిన పాక, మన ఆడంబరం వల్ల వారికి మూతపడింది. ఫ్రాన్సిస్ వారు ఆ రోజు బిచ్చగాని టోపీ పెట్టుకొని వస్తే మన గుడి తలుపు దగ్గర ఏమనుకుంటారో ఆలోచించండి.

గ్రెచ్చోలో జొవాన్ని తెచ్చినవన్నీ మనకూ అందుబాటులో ఉన్నాయి. డిసెంబరు నాటికి మన వరిచేలు కోతకు వస్తాయి. కొత్త గడ్డి పచ్చి వాసనతో కళ్ళాల్లో ఉంటుంది. నాలుగు వెదురు కర్రలు, రెండు తాటాకులు, ఒక మోపు వరిగడ్డి చాలు. బొమ్మలు పిల్లల చేత బంకమట్టితో చేయించండి. యోసేపు వారి ముక్కు వంకర పోతే పోనివ్వండి. వెదురు బద్దలు కట్టి రంగు కాగితం అంటించిన నక్షత్రం మన పెద్దలు చేసినదే. పండుగ కాగానే గడ్డిని ఆవుకు వేయండి, మట్టిని చెట్టు మొదట్లో పోయండి.

సంక్రాంతికి వరికంకుల కుచ్చులు అల్లి పిచ్చుకల కోసం చూరుకు కట్టే అలవాటు మన పల్లెల్లో ఉంది. ఫ్రాన్సిస్ వారు చక్రవర్తి చేత ఆజ్ఞ వేయించాలనుకున్న పనిని మన రైతు ఎవరూ చెప్పకుండానే చేస్తున్నాడు. ఆ కుచ్చును ఈసారి మూడు వారాల ముందే, క్రీస్తు జయంతినాడే కట్టండి. పట్నంలో ఉన్నవారు మేడమీద గుప్పెడు నూకలు, మూకుడుతో నీళ్ళు పెట్టండి.

కానుకల విషయానికి వస్తే, మీ చేతికి వచ్చినది ఇవ్వండి. అరిసెలు బాగా చేసే తల్లి అరిసెలు ఇవ్వాలి. కుట్టుపని తెలిసిన అక్క మిగిలిన గుడ్డ పేలికలతో ఒక సంచి కుట్టి ఇవ్వాలి. పొలమున్నవారు ఒక కుంచెడు కొత్త బియ్యం, పెరడున్నవారు ఒక మొక్క ఇవ్వాలి. ఏదీ లేనివారు లియోకు వచ్చినట్లుగా ఒక ఉత్తరం రాయాలి. దూరాన ఉన్న కొడుకుకు తండ్రి సొంత చేతితో రాసిన నాలుగు వాక్యాలు, అచ్చువేసిన ఖరీదైన కార్డుకంటే ఎక్కువ కాలం పెట్టెలో ఉంటాయి.

చుట్టాలు ఏమనుకుంటారో, పిల్లలు చిన్నబుచ్చుకుంటారేమో అని మీకు సందేహం రావచ్చు. న్యాయమే. పిల్లలకు ఏమీ కొనకుండా వేదాంతం చెబితే వారు చిన్నబుచ్చుకుంటారు. కాని పక్కన కూర్చొని పాక కట్టిస్తే, పిండి కలిపిస్తే, ఆ చేసిన వంటను పక్కవీధి పేదింటికి వారి చేతనే మోయిస్తే, వారు చిన్నబుచ్చుకోరు. పిల్లలకు కావలసింది వస్తువు ఒక్కటే కాదు, అమ్మానాన్నల పొద్దు. ఆ పొద్దు మనం ఇవ్వలేకపోయిన చోటనే వస్తువు కొనవలసి వస్తుంది. చుట్టాల మాట అంటారా, మొదట ఒక ఇల్లు తగ్గితే, పోటీ పడలేక నలిగిపోతున్న మరో పది ఇళ్ళు ఊపిరి పీల్చుకుంటాయి. ఆ మొదటి ఇల్లు స్తోమత ఉన్నవారిది కావాలి. లేనివాడు తగ్గితే అది లేమి, ఉన్నవాడు తగ్గితేనే అది ప్రేమ.

కొత్త బట్టలు కొనవద్దని నేను చెప్పడం లేదు. మీ ఇంట్లో ముగ్గురు పిల్లలకు కొనేటప్పుడు మీ వీధిలో నాలుగవ బిడ్డ ఎవరో చూసుకోండి. ఆ బిడ్డ ఈసారి మీ పిల్లల పక్కనే నిలబడి బాలయేసు పాదం ముద్దుపెట్టుకోవాలి.

దేవుడు మనకు ఇచ్చిన తొలి క్రీస్తు జయంతి కానుక కొన్నది కాదు. తన సొంత కుమారుణ్ణే మనకిచ్చాడు, గడ్డి మీద పెట్టి ఇచ్చాడు. ఆ గడ్డిని మళ్ళీ మన పాకల్లోకి తెచ్చుకుందాము. మీకు, మీ కుటుంబాలకు, మీ దొడ్డిలోని పశువులకు, మీ చూరు కింది పిచ్చుకలకు కూడా క్రీస్తు జయంతి శుభాకాంక్షలు.